మూడు వందల గజాల ఇంట్లో ఏ చెట్లు పెట్టుకున్నాం

హనుమకొండ శివారులో మాది 300 గజాల ప్లాటు. వెడల్పు 45 అడుగులు, లోతు 60 అడుగులు, పడమటి ముఖం. ఇల్లు కట్టాక ముందు 16 అడుగులు, వెనక 12 అడుగులు ఖాళీ మిగిలింది. దక్షిణం పక్క సందు నాలుగడుగులు, ఉత్తరం పక్క ఆరడుగులు. 2020 దసరాకు గృహప్రవేశం చేసుకున్నాం. చలికాలం హాయిగా గడిచింది. మార్చి వచ్చేసరికి పడమటి ముఖం ఇల్లంటే ఏమిటో తెలిసింది. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగుంకే దాకా ఎండంతా హాలు గోడ మీదే. రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వేడే. ఏసీ బిల్లు చూసి మా ఆయన, "చెట్టు పెట్టాల్సిందే" అన్నారు. చెట్టంటే ఇష్టంతో కాదు, బిల్లు భయంతో మొదలైంది ఈ కథ.

చెట్టు అనగానే కాలనీలో ప్రతి ఒక్కరూ ఓ సలహా ఇచ్చారు. ఎక్కువమంది చెప్పింది కోనోకార్పస్. ఎదురింటివాళ్లు గోడ పొడవునా పెట్టుకున్నారు. రెండేళ్లలో పచ్చటి తెరలా లేచింది, ఎండకు వాడదు, మేకలు ముట్టవు, ఎవరికి నచ్చదు చెప్పండి! కానీ ఆ తెర అలాగే ఉండాలంటే ఏడాదికి చాలాసార్లు కత్తిరిస్తూ ఉండాలి. వదిలేస్తే పెద్ద చెట్టయిపోతుంది, వేర్లు నీళ్ల వాసన పట్టుకుని పైపుల్లోకి, సంపు గోడల్లోకి వెళ్తాయి. అది అమెరికా, పశ్చిమ ఆఫ్రికా తీరాల్లో మడ అడవుల అంచున పెరిగే జాతి. తెలంగాణలో హరితహారం నర్సరీల్లో దాన్ని పెంచొద్దని ప్రభుత్వమే చెప్పింది, గుజరాత్ 2023లో ఏకంగా నిషేధించింది. అది మనుషుల ఆక్సిజన్ పీల్చేస్తుందని వాట్సాప్‌లో తిరిగిన మాట మాత్రం ఉత్తదే. ఆ చెట్టును వద్దనడానికి వేర్లు, కత్తిరింపు చాలు, లేనిపోని నిందలు అక్కర్లేదు.

ఇంకొకరు తురాయి పెట్టమన్నారు. మే నెలలో ఎర్రగా విరగబూస్తే ఎంత అందమో నాకూ తెలుసు. అయితే మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టు కొమ్మ పెళుసు, వేరు పైపైనే పాకుతుంది. ఈదురుగాలి వచ్చిన మర్నాడు హనుమకొండలో ఏ రోడ్డు మీద చూసినా విరిగి పడి ఉండేవాటిలో తురాయి తప్పకుండా ఉంటుంది. కాలేజీ గ్రౌండులో అయితే సరే, కారు మీద వద్దు. నేరేడు పెడదామని మా అబ్బాయి. నేరేడు మా అందరికీ ఇష్టమే. కానీ అది పెద్ద చెట్టు, జూన్ నెలంతా కింద నేల ఊదారంగే. మూడు వందల గజాల్లో దానికి చోటు లేదు.

ఇక మా అత్తమ్మ. జనగామ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి. చెట్ల గురించి ఆమెకు తెలిసినంత మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయితే ఆమె మొదటి మాట వాస్తు. ఈశాన్యంలో పెద్ద చెట్టు వద్దు, నైరుతి బరువుండాలి, రావి, మర్రి, మేడి ఇంటి ఆవరణలోకి రానే రావద్దు. నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు. కానీ కాగితం మీద లెక్క వేసుకుంటే ఆమె చెప్పిందీ, నాకు కావలసిందీ ఒకటే అయ్యాయి. నైరుతిలో చెట్టు ఉంటే సాయంత్రం ఎండ ఆగుతుంది. ఈశాన్యంలో మాకు బోరు ఉంది, అక్కడ వేర్లు ఎలాగూ పనికిరావు. రావి, మర్రి గోడలకు చేసేది పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కను పీకబోయిన ఎవరికైనా తెలుసు. అందుకే ఆ విషయంలో ఇంట్లో గొడవే రాలేదు.

ముందు చెట్ల పేర్లు పక్కన పెట్టి, తెల్లకాగితం మీద ఇల్లు గీశాను. వాయువ్యంలో సెప్టిక్ ట్యాంకు, ఈశాన్యంలో బోరు, గేటు పక్కన సంపు, వీధి స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు. వీటన్నిటి చుట్టూ గీతలు గీస్తే పెద్ద వేరుకు పనికొచ్చే చోట్లు మూడే మిగిలాయి. ముందు నైరుతి మూల, వెనక ఆగ్నేయం వైపు వంటింటికి ఏడడుగుల దూరంలో ఓ చోటు, కాంపౌండు గోడ బయట వీధి అంచు. చిన్న చెట్టుకైతే ఇంకో రెండు చోట్లు దొరుకుతాయి. చిన్న చెట్టును గోడకు ఆరేడు అడుగుల దూరంలో, మధ్యరకం చెట్టును పది పన్నెండు అడుగుల దూరంలో పెడదామని, ఇరవై అడుగులు కావలసిన చెట్టు అసలు వద్దని అనుకున్నాం. వెనకవైపు ఏడడుగులకే రాజీ పడ్డాం, దానికి తగ్గ చెట్టును వెతుక్కున్నాం.

తర్వాతి ప్రశ్న, ఏ నెలలో నీడ కావాలి? ఇంటర్నెట్‌లో చూస్తే, ఎండ పడే వైపు ఆకు రాల్చే చెట్టు పెట్టండి, ఎండాకాలం నీడ, చలికాలం వెచ్చదనం అని రాసి ఉంటుంది. అది చలిదేశాల లెక్క. మన దగ్గర ఆకు రాలేది శిశిరం చివర్లో, అంటే ఎండ ముదిరే వేళకే. మోదుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకు లేకుండా ఎర్రగా నిలబడుతుంది. రేల మార్చి, ఏప్రిల్‌లో బోసిపోయి ఆ తర్వాత పూతకు వస్తుంది. చూడ్డానికి అంతకంటే అందం లేదు, నీడకు మాత్రం అప్పుడే పనికిరావు. అందుకని పడమట ఎప్పుడూ పచ్చగా ఉండేది, లేదా ఏప్రిల్‌కల్లా కొత్త ఆకు వేసుకునేది కావాలి. పొగడ ఏడాదంతా దట్టంగా ఉంటుంది. కానుగ మార్చిలో ఆకు రాల్చినా కొన్ని వారాల్లోనే లేత ఆకుతో తళతళలాడుతుంది. అలా నైరుతిలో పొగడ, వీధి అంచున కానుగ ఖాయమయ్యాయి. వెనక తూర్పు వైపు నీడ తొందర లేదు, అక్కడ కంటికి ఇంపుగా రేల. ఉదయం పూలు ఏరుకోవడానికి వెనకే పారిజాతం. అత్తమ్మ పూజకు అది ఉండాలన్నది షరతు. పారిజాతం మామూలుగా పది పన్నెండు అడుగుల్లో ఉంచుకోవచ్చు కాబట్టి ఆమె వాస్తుకూ అడ్డు రాలేదు.

మోదుగ మీద నాకు చాలా మనసుంది. ములుగు రోడ్డు మీద వెళ్తే మాఘ, ఫాల్గుణ మాసాల్లో పొలం గట్ల మీద ఆ ఎరుపు చూసి కారు ఆపని రోజు లేదు. కానీ దాని తల్లివేరు లోతుకు పోతుంది, సంచిలో పెరిగిన మొక్క సరిగా కుదురుకోదు, గింజ నేలలోనే నాటాలి. పెరగడమా, మహా నిదానం. ఇంటికి కాదు గానీ మా ఊరి పొలం గట్టున నాటించాం. జమ్మి కూడా అంతే. రాష్ట్ర వృక్షమని గౌరవం ఉంది, దసరాకు కావాలి, కానీ ముళ్లున్న చెట్టు పిల్లలు ఆడే ముంగిట్లో ఎందుకు? కాలనీ గుడి దగ్గర ఎలాగూ ఒకటుంది.

మొక్కలు దొరకడమే అసలు కష్టం. ఊళ్లో ప్రైవేటు నర్సరీకి వెళ్లి పొగడ ఉందా అంటే, "ఎవరూ అడగరు మేడమ్" అన్నారు. రేల ఉందా అంటే పసుపు పూల టెకోమా చూపించారు. రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్, గొడుగులా అంతస్తులు వేసే మడగాస్కర్ బాదం, గుండ్రంగా కత్తిరించిన ఫైకస్ మాత్రం వరసలు వరసలు. వాళ్లనూ అనలేం. కొత్త ఇల్లు కట్టినవాళ్లు నాటిన రోజే నిండుగా కనిపించేది కావాలంటారు. పొగడ నాలుగేళ్లు ఓపిక పట్టమంటుంది.

ఆ ఎండాకాలం లాక్‌డౌన్ అయిపోయాక రాజమండ్రిలో చుట్టాలింటికి వెళ్లాల్సి వస్తే కడియం కూడా చూశాం. కడియపులంక, వేమగిరి వైపు రోడ్డుకు అటూ ఇటూ కనుచూపు మేరా నర్సరీలే. అక్కడా ముందు వరసలో పామ్‌లూ, బోన్సాయ్‌లే ఉంటాయి. పేరు పెట్టి అడిగితే మాత్రం లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. మా ఎత్తు పొగడ మొక్క అక్కడే దొరికింది. ఆ నర్సరీ పెద్దాయన ఒక మాట చెప్పారు. "అమ్మా, ఇది గోదావరి మట్టిలో పెరిగిందండి. ఈ గడ్డని అలాగే తీసుకెళ్లి మీ ఎర్రనేల్లో దింపేశారనుకోండి, చుట్టూ పోసిన నీళ్లు మీ మట్టి తాగేస్తుంది, గడ్డ లోపల ఎండిపోద్ది. అంచులు కాస్త చిదిపి పెట్టండి." ఆ సలహా ఖరీదు కట్టలేనిది. మొక్క తీసుకునేటప్పుడు ఎత్తు చూడొద్దు, మొదలు లావు చూడండని కూడా ఆయనే అన్నారు. కర్ర కట్టి నిలబెట్టిన సన్నటి పొడుగు మొక్క కంటే, పొట్టిగా ఉన్నా తన కాళ్ల మీద తాను నిలబడే మొక్క తొందరగా కుదురుకుంటుంది.

కానుగ, రేల, వేప మొక్కలు అటవీశాఖ నర్సరీలో దొరికాయి. ధర పదుల్లోనే. దేశవాళీ చెట్లు కావాలంటే ఎవరైనా ముందు అడగాల్సింది అక్కడే. వానాకాలం మొదట్లో వెళ్తే రకాలు ఎక్కువ ఉంటాయి, శ్రావణం దాటాక ఖాళీ బెడ్లే. రేల గింజలు కూడా కొన్ని సొంతంగా మొలకెత్తించాను. మూరెడు నల్లటి కాయ పగలగొడితే అడ్డు గోడల మధ్య ఒక్కో గింజ, చుట్టూ జిగురుగా ఘాటు వాసన గుజ్జు. గింజ పైపొర రాయిలా ఉంటుంది, అలాగే నాటితే నెలలు గడిచినా కదలదు. అత్తమ్మ గచ్చు మీద గింజను ఒక పక్క రంగు మారే దాకా రుద్ది, రాత్రంతా వేడి నీళ్లలో నానబెట్టింది. ఉబ్బినవి నాటితే మొలిచాయి, ఉబ్బనివి మళ్లీ రుద్దాం. ఆ మొక్కలు కాలనీలో పంచేశాను.

గుంతల పని వైశాఖంలోనే మొదలుపెట్టాం. మేస్త్రీ ఒక తాతను పంపించాడు. గడ్డపార ఒక అడుగు మెత్తగా దిగింది, ఎర్ర చెల్క. ఆ తర్వాత మొరం. అక్కడి నుంచి ప్రతి దెబ్బకూ నిప్పురవ్వలే. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు అని చెప్పాను. తాత కిందికి చూసి, "గింత గట్టి జాగల చెట్టు లేస్తదా బిడ్డా?" అన్నాడు. లేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సాయంత్రం గుంత నిండా నీళ్లు పోసి పొద్దున చూడటం. రెండు గుంతల్లో నీళ్లు ఇంకిపోయాయి. పొగడ గుంతలో మాత్రం సగం అలాగే నిలబడ్డాయి. అలాంటి చోట నాటితే వానాకాలంలో వేర్లు కుళ్లిపోతాయి. తాత లోపలికి దిగి అడుగున గడ్డపారతో పగుళ్లు వచ్చేలా ఇంకా పొడిచాడు. మళ్లీ నింపి చూశాం, ఈసారి తెల్లారేసరికి అడుగున బురద తప్ప నీళ్లు లేవు.

ముందు వైపు గుంతలో ఇంకో సంగతి బయటపడింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు ముద్దలు, ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు పైన మట్టి కప్పి వదిలేశారు. కొత్త ఇళ్లలో ఇది మామూలే. సిమెంటు, సున్నం ఉన్న మట్టిలో క్షారం ఎక్కువై మొక్కకు ఇనుము అందదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు పడుతుంది. అప్పుడు ఎన్ని మందులు కొట్టినా లాభం ఉండదు. అక్కడి మట్టి మొత్తం తీయించి, చెరువు మట్టి, ఎర్రమట్టి కలిపి తెప్పించాం. గుంతలన్నీ మృగశిర కార్తె దాకా ఎండనిచ్చాం. తవ్విన మట్టిలోనే రెండు మూడు గంపల మాగిన పెంట, కొంచెం వేపపిండి కలిపి నింపాం. గుంతను ఒట్టి ఎరువుతో నింపితే వేరు ఆ సుఖం వదిలి బయటి మొరంలోకి వెళ్లదని తాత అన్నాడు, నిజమే అనిపించింది.

ఆరుద్ర కార్తెలో గట్టి వాన ఒకటి పడ్డాక నాటాం. సంచి కోసి చూస్తే కానుగ వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వాటిని అలాగే వదిలితే చెట్టు పెద్దదయ్యాక కూడా ఆ చుట్ట విప్పుకోదు, గాలికి పడిపోయే చెట్లలో చాలా వాటి కథ ఇదే. చుట్టిన వేర్ల కొసలు కత్తెరతో తీసేశాం. కడియం పొగడ మట్టిగడ్డ అంచులు పెద్దాయన చెప్పినట్టే చిదిపాం. సంచిలో మట్టి మట్టం ఎంత ఉందో నేలలోనూ అంతే ఉంచి, కాండం మొదలు పూడకుండా చూసుకున్నాం. వెదురు కర్ర పాతి, గోనెసంచి పీలికతో వదులుగా కట్టాం. ఆ కట్టును ఏడాదిలోపే విప్పేయాలి. మా వీధిలోనే ప్లాస్టిక్ తాడు కాండంలోకి కోసుకుపోయిన చెట్టు ఉంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నీళ్ల విషయంలో నాకూ అత్తమ్మకూ కొన్నాళ్లు నడిచింది. ఆమె రోజూ పొద్దున చెంబుతో పోస్తానంటుంది, నేను వారానికి రెండుసార్లు బిందెలతో పోద్దామంటాను. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైనే తిరుగుతుంది. లోపలి దాకా తడిపి, పైన ఆరనిస్తే నీళ్ల కోసం కిందికి దిగుతుంది. చివరికి ఆమె చెంబు తులసికోటకు, నందివర్ధనాలకు పరిమితమైంది. కానీ రేల పక్కన పాత మట్టికుండ మెడ దాకా పాతి అందులో నీళ్లు నింపమన్న ఆలోచన ఆమెదే. కుండ గోడల్లోంచి నీరు ఊరుతూ మొదటి ఎండాకాలమంతా ఆ మొక్కను కాపాడింది. ఏసీ నీళ్ల పైపు కూడా పొగడ పాదులోకి తిప్పాం. నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం చెట్లకు పోయడం లేదు. వాటిలో లవణాలు ఎక్కువ, అవి బాత్రూములు కడగడానికే. ఏటా పాదును కాస్త బయటికి జరుపుతున్నాం, వేరు కొసలు ఉండేది అక్కడే కదా.

ఇప్పుడు ఒక్కోటీ ఎలా ఉందో చెప్తాను.

అందరికంటే ముందు దారికి వచ్చింది పారిజాతం. రెండో ఏడాదే పూసింది. వానలు తగ్గే కాలంలో మొదలై చలికాలం దాకా, పొద్దుగుంకాక విచ్చుకుని తెల్లవారేసరికి కిందంతా రాలిపోతుంది. అత్తమ్మ పాత చీర పరిచి పూలు పడ్డాక ఎత్తుకుంటుంది. ఎండాకాలంలో మాత్రం ఆకు రాల్చి చీపురుకట్టలా ఉంటుంది, అది చూసి చచ్చిపోయిందని నీళ్లు కుమ్మరించకూడదు. గొంగళి పురుగులు కూడా వస్తాయి. బట్టలారేసే తీగ దాని కింద నుంచి తీసేశాం, సమస్య తీరింది. పూత అయిపోయాక కొమ్మలు సగానికి కత్తిరిస్తే మరుసటి ఏడు కొత్త కొమ్మకు ఎక్కువ పూస్తుంది.

కానుగ అనుకున్నదానికంటే తొందరగా ఎదిగింది. ఇప్పుడు దాని కింద స్కూటీలు పెడుతున్నారు, కూరగాయల బండాయన మధ్యాహ్నం కాసేపు ఆగుతాడు. ఏప్రిల్ తర్వాత గులాబీ, తెలుపు కలిసిన పూలు రాలుతాయి. పక్కింటావిడ చెత్త అని సణిగింది. ఆవిడ బాధలోనూ న్యాయముంది, మార్చిలో రెండు వారాలు ఆకు విపరీతంగా రాలుతుంది. అప్పుడు వాళ్ల ముంగిలి కూడా మేమే ఊడ్పిస్తున్నాం, ఆకంతా తెచ్చి వెనక గుంతలో వేస్తున్నాం. వరి మడిలో కానుగాకు తొక్కిన రోజులు అత్తమ్మకు ఇంకా గుర్తే, అందుకే ఒక్క ఆకు కూడా మున్సిపాలిటీ బండికి వెళ్లనివ్వదు. ఆకుల మీద తెల్లటి గీతలు, బొడిపెలు కనిపిస్తుంటాయి. పురుగుల పనే, కానుగకు అది మామూలే, మందు ఏమీ కొట్టలేదు. మొదట్లోంచి వచ్చే పిలకలు మాత్రం ఎప్పటికప్పుడు తీసేస్తున్నాం.

రేల మీద వానాకాలంలో పచ్చటి గొంగళి పురుగులు పడ్డాయి. వారంలో కొమ్మలు బోడి చేశాయి. మా ఆయన మందు తెస్తానన్నారు, నేను పడనివ్వలేదు. అవి లేతపసుపు సీతాకోకచిలుకల పిల్లలు, రేల, తంగేడు జాతి ఆకులే వాటి తిండి. ఆకు మళ్లీ వచ్చింది, ఇప్పుడు ప్రతి ఏడూ వస్తూనే ఉంది. నాలుగో ఎండాకాలంలో మొదటిసారి కొన్ని పసుపు గుత్తులు వేలాడాయి. రోజంతా ఎండ పడే చోటు కాదు కాబట్టి ఇంతకంటే విరగబూస్తుందని నేను ఆశ పెట్టుకోలేదు. రేల కావాలనుకునేవాళ్లు ఇల్లు నీడ పడని చోటు చూసుకోండి.

వీధి మలుపులో అందరిదీ అయిన ఓ పాత వేప ఉంది. మేం నాటిన 2021లోనే, వానాకాలం చివర్లో, దాని కొమ్మల కొసలు మాడినట్టు అయిపోయాయి. తెలంగాణ అంతటా అదే కథ. వేపకూ కరోనా వచ్చిందని కాలనీలో జోకులు వేశారు, కొందరు కొట్టేద్దామన్నారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు, రసం పీల్చే టీ దోమ చేసిన గాయాలు దానికి తోడయ్యాయి. అంత పెద్ద చెట్టుకు పిచికారీ చేయించడం మా వల్ల కాలేదు. ఎండిన కొమ్మలు తీయించి పాదు చేసి నీళ్లు పోశాం. ఉగాదికి చిగురించింది. ఆ తర్వాత కూడా కొసలు మాడుతున్నాయి గానీ చెట్టు నిలబడింది. కొట్టేద్దామన్నవాళ్లకు అప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అలాంటి చెట్టును అనుమతి లేకుండా నరకడానికి వీల్లేదు. అందుకే ఇంటి దగ్గర నాటేటప్పుడే ఇరవై ఏళ్ల తర్వాతి సైజు ఊహించుకోవడం మంచిది.

ఒక బంధువు ప్రేమగా సీతాశోకం మొక్క ఇచ్చారు. నర్సరీల్లో అశోక అని అమ్మే పొడుగు నారమామిడి కాదు, నారింజ రంగు గుత్తులు పూసే అసలు చెట్టు. దానికి నీడ, తేమ కావాలి. మా ముంగిట్లో మే నెల వడగాలికి ఆకులన్నీ అంచుల నుంచి మాడిపోయాయి, రెండో వేసవి దాటలేదు. కోనసీమలోనో, పెద్ద చెట్ల నీడనో ఉంటే బతికేది. దేశవాళీ చెట్టయినంత మాత్రాన ప్రతి నేలకూ సరిపోదు. మరోవైపు గేటు పక్కన మా అమ్మవాళ్లింటి నుంచి తెచ్చిన దేవగన్నేరు కొమ్మ, కోసిన చోట పాలు ఆరే దాకా వారం నీడన పెట్టి గుచ్చితే, ఏ సేవా లేకుండా పూస్తోంది. అది మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టని నాకు తెలుసు. గోడలు పగలగొట్టదు, నీళ్లడగదు, విత్తనాలతో ఊరంతా పాకదు. దాన్ని తీసేయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక పొగడ. నైరుతిలో, ఎవరి కోసమైతే ఇదంతా మొదలైందో ఆ హాలు గోడ ముందు. నాటిన మొదటి ఏడాది జానెడు కూడా పెరగలేదు. రెండో ఏడాది వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, కోనోకార్పస్ పెట్టి ఉంటే ఈపాటికి మేడ ఎక్కేది కదా అన్నారు. మూడో వానాకాలం నుంచి కదిలింది. వేరు మొరం పగుళ్లు దొరకబుచ్చుకుందని తాత లెక్క. ఇప్పుడు కిటికీ పైఅంచు దాటింది, ముదురు పచ్చగా దట్టంగా ఉంది. మొన్న ఎండాకాలం చిన్న చిన్న నక్షత్రాల్లాంటి పూలు కొన్ని రాల్చింది. ఎండిపోయినా వాసన పోని పువ్వది, మా అమ్మాయి పుస్తకంలో దాచుకుంది. కింది కొమ్మలు తీసి ఎత్తుగా లేపుదామని మా ఆయన, ఇంకా రెండేళ్లు కింది కొమ్మలు ఉంచితేనే కాండం లావెక్కుతుందని నేను. ప్రస్తుతానికి నా మాటే నెగ్గింది.

గోడ సగం దాకా ఇప్పుడు నీడే. పై సగానికి మాత్రం ఎండాకాలం మూడు నెలలు ఇంకా ఆకుపచ్చ నెట్ కడుతున్నాం. పొగడ స్లాబు ఎత్తుకు రావడానికి మరో మూడు నాలుగేళ్లు పట్టొచ్చు. సీతాశోకం పోయిన చోట ఈ ఏడు అంకుడు నాటాం. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ కర్రతోనే. చిన్న చెట్టు, తెల్లటి పూలు, మన మొరం నేలల్లో, గుట్టల మీద దానంతట అదే పెరుగుతుంది. అటవీశాఖ నర్సరీలో అడిగితే, "ఇంటికా మేడమ్?" అని ఆశ్చర్యపోయారు. కానుగ కొమ్మ ఒకటి సర్వీసు వైరు వైపు వంగుతోంది. వానలకు ముందు లైన్ క్లియరెన్స్‌కు వచ్చే కరెంటువాళ్లు కత్తి పట్టుకుంటే చెట్టు ఒక పక్కే మిగులుతుంది, అందుకని వాళ్లకంటే ముందే, సంక్రాంతి వెళ్లాక, మేమే ఆ కొమ్మను మొదలు దగ్గర తీయించాలనుకుంటున్నాం.